అంచున కొలిచిన డాక్టరమ్మ గారికి కృతజ్ఞతలు

మొన్నటి చెకప్‌లో రెండు కళ్ల ప్రెషరూ 14 వచ్చింది. ఇన్నాళ్లూ ఇది రాయడానికి ధైర్యం చాల్లేదు.

నాది మైనస్ ఐదున్నర సైట్. పెళ్లిచూపుల లోపు కళ్లజోడు వదిలించుకోమని పెద్దమ్మ పోరితే లాసిక్, అదే లేజర్‌తో సైట్ తీసేసే ఆపరేషన్, చేయించుకున్నాను. మర్నాడే గోడమీది క్యాలెండర్‌లో తిథులు చదివేశాను. మూడో వారంలో కుడికన్ను మసకేసింది. నల్లగుడ్డు మీద కోసిన పొర కింద వాపు వచ్చిందని, స్టెరాయిడ్ చుక్కలు గంటకోసారి వేయమన్నారు. అమ్మ అర్ధరాత్రి కూడా అలారం పెట్టుకుని లేచేది. వేసేకొద్దీ మసక పెరిగింది. ప్రెషర్ చూస్తే 9, భయం లేదన్నారు.

బావగారు ఇక ఊరుకోలేదు. సెలవు పెట్టి, రావులపాలెం నుంచి రాత్రంతా కారు నడిపి హైదరాబాద్‌లో చూపించారు. అక్కడ ఓ చిన్న వయసు డాక్టరమ్మ గారు "మూడో వారంలోనా మొదలైంది?" అని రెండుసార్లు అడిగారు. లాసిక్ తర్వాత వచ్చే మామూలు వాపు మొదటి రోజుల్లోనే కనబడుతుందట. ఎన్ని చుక్కలు పడ్డాయంటే అమ్మ సంచిలోంచి క్యాలెండర్ కాగితం తీసింది. వేసిన ప్రతిసారీ వెనక గీత గీసిపెట్టింది మరి!

ఆ గీతలు చూసి ఆవిడ పెన్నులాంటి పరికరంతో కంటి మధ్యలో కాకుండా, నల్లగుడ్డు అంచున కొలిచారు. 38! మామూలుగా 10 నుంచి 21 లోపు ఉండాలి. స్టెరాయిడ్ కొందరి కంట్లో ప్రెషర్ పెంచుతుందట. ఆ ఒత్తిడికి పొర కింద నీరు చేరుతుంది. ఆ నీటి మీద కొలిస్తే మెషీన్ తక్కువే చూపిస్తుంది. స్కాన్‌లో ఆ నీళ్లు నాకూ కనబడ్డాయి, సన్నటి నల్లగీతలా. ఇంకొన్నాళ్లు అలాగే వదిలేస్తే కంటినరం దెబ్బతిని గ్లకోమా వచ్చేదట.

స్టెరాయిడ్ ఆపారు, ప్రెషర్ తగ్గే చుక్కలిచ్చారు. పది రోజుల్లో నీరు పోయింది. నరం బాగానే ఉంది. ఇకమీదట ఎక్కడ ప్రెషర్ చూసినా లాసిక్ అయిందని ముందే చెప్పమన్నారు, నల్లగుడ్డు పలచబడింది కనక లెక్క తక్కువగానే వస్తుందట.

మొదట చూసిన డాక్టరుగారికీ థాంక్స్. అడిగిన గంటలోనే రిపోర్టులన్నీ పంపారు, భేషజానికి పోలేదు. బావగారికి వేరే చెప్పాలా, చెబితే తిడతారు.

"నా చేత్తో నేనే వేశానే" అని అమ్మ ఏడుస్తుంటే, "మీ గీతలు చూశాకే కదమ్మా నాకు అనుమానం వచ్చింది" అన్నారు డాక్టరమ్మ గారు. అందుకు ఆవిడకు మరోసారి దండం. ఆత్రేయపురం పూతరేకులు పట్టుకెళితే పేషెంట్ల దగ్గర ఏమీ తీసుకోనన్నారు. వార్డు ఆయాలకు పంచేసి వచ్చాం.