డ్రోన్ అమ్మేవాళ్లు ఈ మాట కూడా చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

నేను రిటైరయ్యాక మా అమ్మాయి 249 గ్రాముల కెమెరా డ్రోన్ కొనిచ్చింది. 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కు 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అమ్మినాయన అంతవరకే చెప్పాడు. అక్కర్లేదంటే ఎక్కడపడితే అక్కడ ఎగరేయమని కాదుగదా! మా మారతహళ్లికి హెచ్‌ఏఎల్ విమానాశ్రయం పక్కనే. డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో చూస్తే మా వీధి పచ్చ జోన్‌లో, అంటే ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయగల చోట, లేదు.

అందుకే మాలూరు దగ్గర మా బావమరిది టమాటా తోటకు తీసుకెళ్లాను. మొదటిరోజు మనిషెత్తున గాల్లో నిలబెట్టి దించేశాను. రెండోసారి దాని ముఖం నావైపు తిప్పాను. అలా తిరిగితే మనకు కుడి ఎడమలు తారుమారవుతాయి. కుడికనుకుని స్టిక్ తోస్తే ఎడమకు జారి నీలగిరి చెట్లవైపు పోయింది. కంగారులో వెనక్కి రమ్మనే బటన్ నొక్కాను. తిరిగొచ్చే ఎత్తు, అంటే వెనక్కి వచ్చేటప్పుడు అది ఎగిరే ఎత్తు, 20 మీటర్లకే పెట్టి ఉంది, చెట్లేమో అంతకంటే ఎత్తు. కొమ్మకు తగిలి మల్చింగ్ షీటు మీద పడింది. ఒక రెక్క కొస విరిగిపోయింది, కెమెరా సన్నటి తీగకు వేలాడుతోంది. అక్కడికి రెండడుగుల దూరంలో ఒకామె వంగి కాయలు కోస్తోంది. ఆమె ముఖానికి తగిలి ఉంటే? తలచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతాయి.

మా వీధిలో పిల్లలు సాయంత్రాలు మిద్దెల మీంచి ఎగరేస్తున్నారు. పైన గద్దలు, కింద కరెంటు తీగలు, రోడ్డు నిండా జనం. దుకాణాల వాళ్లు బిల్లుతోపాటు జోన్ల మ్యాప్ చూపించి, తిరిగొచ్చే ఎత్తు ఎలా మార్చాలో దగ్గరుండి నేర్పించాలి. మీరూ ఒక ఆదివారం ఇవన్నీ తెలుగులో బొమ్మలతో వేయండి.

— ఒక విశ్రాంత ఉద్యోగి, మారతహళ్లి, బెంగళూరు