ఆ పెట్టె అదే రోజు తెరిచి ఉంటే

సంపాదకుల గారికి నమస్కారం.

విదేశాలకు వెళ్లేవాళ్ల కోసం మీ పత్రికలో వచ్చే సూచనలు తప్పకుండా చదువుతాను. వీసాల గురించి, అద్దె ఇళ్ల గురించి చాలా వచ్చాయి. డెస్క్‌టాప్ కంప్యూటర్‌ను విమానంలో ఎలా తీసుకెళ్లాలో మాత్రం ఎప్పుడూ కనిపించలేదు. నేను యానిమేషన్ పని చేస్తాను, ల్యాప్‌టాప్‌తో నా పని సాగదు. ఇప్పటికి రెండుసార్లు దేశం మారాను. రెండుసార్లూ కంప్యూటర్ నాతోపాటే విమానంలో వచ్చింది. మొదటిసారి పాడైంది, రెండోసారి భద్రంగా చేరింది. నా అనుభవం ఇంకొకరికి పనికొస్తుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొదటిసారి నేను చేసిన పని చెబుతాను. కంప్యూటర్ క్యాబినెట్ (భాగాలన్నీ బిగించే బయటి డబ్బా) కొన్నప్పటి అట్టపెట్టె, దాంతో వచ్చిన థర్మోకోల్ అచ్చులు దాచి ఉంచాను. కంప్యూటర్‌ను ఒక్క స్క్రూ కూడా విప్పకుండా అందులో దించి, చుట్టూ టేపు వేశాను. ఈ పెట్టెలోనే కదా భద్రంగా వచ్చింది, ఇందులోనే భద్రంగా వెళ్తుంది అనుకున్నాను. కానీ అప్పుడు వచ్చింది ఖాళీ క్యాబినెట్. గ్రాఫిక్స్ కార్డు (తెర మీద బొమ్మలు చూపే భాగం), కూలర్ (ప్రాసెసర్ వేడి తగ్గించేది) దాంట్లో బిగించింది ఆ తర్వాత. ఈ చిన్న విషయం నాకు తట్టనే లేదు.

కౌంటర్ దగ్గర ‘పగిలే వస్తువు’ అని స్టిక్కర్ అంటించారు. ఇంకో ట్యాగు మీద నా సంతకం తీసుకున్నారు. దిగాక చూస్తే పెట్టె ఒక మూల కాస్త నొక్కుకుపోయింది, అంతకుమించి ఏమీ లేదు. హమ్మయ్య అనుకుని తీసుకెళ్లిపోయాను. ఇల్లు కుదిరేదాకా దాన్ని అలాగే ఒక పక్కన పెట్టాను. తెరిచింది పన్నెండో రోజున.

పక్క పలక జరుపుతుంటేనే లోపల ఏదో గలగలమంది. గ్రాఫిక్స్ కార్డు వెనకవైపు రెండు స్క్రూల ఆధారంతో వేలాడుతోంది. స్లాట్ (మదర్‌బోర్డు మీద కార్డును దూర్చే గాడి) చివర ఉండే ప్లాస్టిక్ లాక్ విరిగి అడుగున పడి ఉంది. స్లాట్ కూడా ఒక కొస బోర్డు నుంచి పైకి లేచింది. కార్డు బయటికి తీసి దీపం కింద పట్టుకుని చూశాను. బంగారు రంగు పళ్లు అయిపోయేచోట, మలుపు దగ్గర, వెంట్రుకంత బీట. వేలితో తడిమితే తెలియదు, వెలుతురు ఏటవాలుగా పడితేనే కనిపిస్తుంది. నెలల తరబడి డబ్బు కూడబెట్టి కొనుక్కున్న కార్డు అది. చాలాసేపు దాన్ని చేతిలో పట్టుకుని కూర్చుండిపోయాను.

తర్వాత ఆలోచిస్తే కారణం అర్థమైంది. నా కార్డు బరువు కిలోన్నర. ప్రాసెసర్ మీద ఉన్న కూలర్ కిలో మూడు వందల గ్రాములు. ఈ రెంటినీ మోసే మదర్‌బోర్డు మందం దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు. బల్ల మీద కదలకుండా ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. విమానాశ్రయంలో సామాను బెల్టుల మీద మలుపులు తిరుగుతుంది, ఒక బండి నుంచి ఇంకో బండికి మారుతుంది, ఎటు పడితే అటు దొర్లుతుంది. పెట్టె జానెడు ఎత్తు నుంచి పడినా, ఆగిన ఆ క్షణంలో కిలోన్నర బరువు ఎన్నో రెట్లయి స్లాట్‌ను లాగుతుంది. థర్మోకోల్ కాపాడేది క్యాబినెట్ రేకును. లోపల వేలాడే బరువును పట్టుకునేది ఏదీ లేదు.

విమాన సంస్థకు ఫిర్యాదు చేశాను. ఏడు రోజులు దాటిపోయాయని జవాబు వచ్చింది. విమాన ప్రయాణాల మీద 1999 నాటి మాంట్రియల్ ఒడంబడిక అని ఒకటి ఉంది. దాని ప్రకారం చెక్-ఇన్ చేసిన సామాను దెబ్బతింటే, చేతికందిన ఏడు రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఆలస్యంగా అందితే 21 రోజులు. నష్టపరిహారానికి గరిష్ఠ పరిమితి కూడా ఉంది. 2024 డిసెంబరు 28 నుంచి అది ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కకట్టే యూనిట్లు). సామాను విలువ అంతకన్నా ఎక్కువైతే కౌంటర్ దగ్గరే ప్రత్యేకంగా ప్రకటించి, వాళ్లు అడిగితే అదనపు రుసుము కట్టాలి. ఇవన్నీ నేను తెలుసుకున్నది నష్టం జరిగిపోయాక. గడువు పెట్టడం తప్పని నేను అనడం లేదు. నాతో సంతకం పెట్టించుకున్నవాళ్లు ‘దిగగానే తెరిచి చూసుకోండి’ అని ఒక్క మాట అని ఉంటే ఆ పెట్టె పన్నెండు రోజులు అలా మూలన పడి ఉండేది కాదు.

అంతకన్నా పెద్ద టెన్షన్ హార్డ్ డిస్క్ గురించి. నాలుగేళ్ల పని అందులోనే ఉంది, ఇంకెక్కడా కాపీ లేదు. వేరే కంప్యూటర్‌కు తగిలించి చూసేదాకా రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. అది బాగానే ఉంది. కరెంటు లేనప్పుడు డిస్క్ లోపలి హెడ్‌లు పళ్లేల మీద నుంచి పక్కకు జరిగి ఉంటాయి, అందుకే ఆగి ఉన్న డిస్క్ తిరుగుతున్న డిస్క్ కన్నా ఎక్కువ కుదుపు తట్టుకుంటుంది. కానీ ఆ ధైర్యంతో ఎవరూ పంపవద్దు. కార్డు పోతే మళ్లీ కొనుక్కోవచ్చు, చేసిన పని మళ్లీ ఎక్కడా దొరకదు.

రెండోసారి బయల్దేరే ముందు రోజంతా దీనికే కేటాయించాను. ముందుగా డేటాను రెండు డిస్కుల్లోకి కాపీ చేశాను. ఒకటి ఇంట్లోవాళ్ల దగ్గర ఉంచాను, ఒకటి నా చేతిసంచిలో. మూత తీశాక ఏ వైరు ఎక్కడ ఉందో ఫోన్‌తో ఫొటోలు తీశాను. పవర్ బటన్ నుంచి వచ్చే సన్నటి పిన్నులకైతే మూడు వైపుల నుంచీ తీశాను, అవి మళ్లీ పెట్టేటప్పుడే చేతులు వణుకుతాయి. కూలర్ తీసే ముందు కంప్యూటర్‌ను పది నిమిషాలు నడిపించి, ఆపేసి, ప్లగ్గు పీకేశాను. ప్రాసెసర్‌కు, కూలర్‌కు మధ్య పూసే పేస్ట్ వేడికి మెత్తబడుతుంది. అప్పుడు కూలర్‌ను అటూ ఇటూ నెమ్మదిగా తిప్పి తీయాలి. నాది ఏఎండీ ఏఎం4 రకం, ప్రాసెసర్‌కే కాళ్లుంటాయి. చల్లగా ఉన్నప్పుడు బలంగా లాగితే ప్రాసెసర్ కూలర్‌కు అంటుకుని ఊడొస్తుంది, కాళ్లు వంగిపోతాయి. తీశాక పాత పేస్ట్ తుడిచి, ప్రాసెసర్‌ను సాకెట్‌లోనే వదిలేశాను. ర్యామ్ కూడా కదిలించలేదు.

గ్రాఫిక్స్ కార్డును యాంటీ స్టాటిక్ కవర్‌లో (స్థిర విద్యుత్తు తగలకుండా కాపాడేది) పెట్టి, దాని సొంత డబ్బాలో సర్ది, ఎస్‌ఎస్‌డీతో (తిరిగే పళ్లేలు లేని డిస్క్) కలిపి హ్యాండ్ బ్యాగేజీలోకి తీసుకున్నాను. చాలా విమానాల్లో చేతిసంచికి ఏడు కిలోలే, అందులో రెండు కిలోలు దీనికే పోయాయి. తనిఖీ దగ్గర నేనే ముందుగా బయటికి తీసి ట్రేలో విడిగా పెట్టాను. ఎక్స్‌రే వల్ల డిస్కులకు ఏమీ కాదు. కూలర్, స్క్రూడ్రైవర్ చెక్-ఇన్ పెట్టెలోకి వెళ్లాయి. స్క్రూలను చిన్న చిన్న కవర్లలో వేసి, ఏది దేనిదో పేరు రాశాను.

క్యాబినెట్ అద్దం పలకను రెండు గట్టి అట్టల మధ్య పెట్టి, బట్టల నడుమ సర్దాను. ఆ గాజు మధ్యలో దెబ్బ తట్టుకుంటుంది గానీ అంచు మీద తగిలితే మొత్తం ముక్కలైపోతుంది. ఖాళీ అయిన క్యాబినెట్ లోపల యాంటీ స్టాటిక్ బబుల్ ర్యాప్ నింపాను. మామూలు థర్మోకోల్‌ను మదర్‌బోర్డుకు ఆనించకూడదు, రాపిడికి స్టాటిక్ పుడుతుంది. నింపినది తీయకుండా ఆన్ చేస్తే ప్రమాదం కాబట్టి, పవర్ బటన్ మీదే ఒక చీటీ అంటించాను. బరువు 23 కిలోల లోపే వచ్చింది. కొలతలు కూడా ముందే చూసుకోవాలి. చాలా సంస్థలకు పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లే హద్దు. మానిటర్‌ను అమ్మేసి, వెళ్లినచోట ఇంకోటి కొనుక్కున్నాను. యూపీఎస్ అసలు తీసుకెళ్లలేదు.

దిగిన రోజే, ఏ పెట్టె ఏ గదిలో పెట్టాలో ఇంకా తేలకముందే, అన్నీ తెరిచి చూసుకుని ఫొటోలు తీశాను. ఆన్ చేసింది మాత్రం మర్నాడు. చలిలోంచి వెచ్చటి గదిలోకి వచ్చిన లోహం మీద సన్నటి తేమ పడుతుంది, అది ఆరాలి. ఇంకో సంగతి, పవర్ సప్లై వెనక 100-240 వోల్టులు అని రాసి ఉంటే ఏ దేశంలోనైనా నడుస్తుంది, అక్కడి ప్లగ్గున్న వైరు ఒకటి కొంటే చాలు. పాత వాటికి 115, 230 అని చిన్న స్విచ్ ఉంటుంది. అది 115 మీద ఉండగా 230 వోల్టుల కరెంటు ఇస్తే పవర్ సప్లై కాలిపోతుంది.

మీ పత్రిక ద్వారా విమాన సంస్థలను ఒకటి కోరుతున్నాను. పగిలే వస్తువు ట్యాగు మీద సంతకం తీసుకునేటప్పుడు, ఏడు రోజుల గడువు సంగతి ఆ ట్యాగు మీదే పెద్ద అక్షరాల్లో, ప్రయాణికుడికి తెలిసిన భాషలో అచ్చు వేయండి. కంప్యూటర్ బిగించి అమ్మేవాళ్లు కూడా ప్రయాణానికి ముందు ఏవేవి విప్పాలో ఒక కాగితం మీద రాసి బిల్లుతోపాటు ఇవ్వాలి. అలాంటి కాగితం మొదటిసారి నా చేతిలో ఉంటే, దాన్ని పెట్టె మూతకే అంటించుకునేదాన్ని.

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు