వార్షిక నివేదిక: సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పణ

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

సంఘం ఆశయాలు మీకు తెలిసినవే. నెలవారీ సమావేశాలు, గ్రంథాలయం, వైద్య శిబిరం యథావిధిగా నడిచాయి. ఈ ఏడాది గర్వంగా చెప్పుకోవలసింది పెద్దలకు ఫోను నేర్పిన శిబిరం గురించే.

నేర్పేది మనుమలు, నేర్చుకునేది తాతలు, అమ్మమ్మలు. పెట్టిన నియమం ఒక్కటే: నేర్పేవారు ఫోను ముట్టుకోకూడదు. "ఇటివ్వండి, నేను చేసిపెడతాను" అనడంతోనే వస్తోంది చిక్కంతా. పని క్షణంలో అయిపోతుంది, పెద్దవారికి మాత్రం ఏమీ రాదు, మళ్లీ అడగడానికి మొహమాటం. అలా అడగడం మానేసిన వారే మన సభ్యుల్లో ఎక్కువ.

మొదటి రోజే ఒక సంగతి బయటపడింది. వయసు పైబడితే వేలికొసలు పొడిబారతాయి. టచ్ స్క్రీన్ వేలి విద్యుత్ వాహకతను బట్టి పనిచేస్తుంది కనుక పొడి వేలిని ఒక్కోసారి గుర్తించదు. పలకడం లేదని అలాగే నొక్కి పట్టుకుంటే ఫోను దాన్ని ఇంకో ఆదేశంగా తీసుకుని అడగని మెనూ తెరుస్తుంది. తాతగారికి ఎంత చెప్పినా రాదని విసుక్కుంటున్న ఒక అమ్మాయి, ఆయన వేలు కాస్త తడి చేయించి చూసి, "తప్పు మీది కాదు తాతయ్యా" అంది. ఆ తర్వాత ఆ బల్ల దగ్గర విసుగు వినబడలేదు.

అక్షరాల సైజు పెంచుకోవడం, ఓటీపీ ఎవరికీ చెప్పకపోవడం కూడా నేర్పాం. పెద్దలు "సరే" అనే అర్థంలో పంపే బొటనవేలి బొమ్మ పిల్లలకు ముక్తసరి జవాబులా తోస్తుందని తెలిసి అందరూ నవ్వుకున్నారు. ఎమోజీలు 2010లో, ఫోన్లూ కంప్యూటర్లూ అక్షరాలకు వాడే ఉమ్మడి ప్రమాణమైన యూనికోడ్‌లో చేరాయి గానీ, వాటి మర్యాదలు ఎవరూ రాసిపెట్టలేదు.

హాలు ఇచ్చిన దాతకు, కుర్చీలు మోసిన యువకులకు, ఓపికగా కూర్చున్న పెద్దలకు కృతజ్ఞతలు. వస్తామని పేర్లిచ్చి రాని వాలంటీర్ల విషయం చెప్పక తప్పదు. వారి నుంచి వాట్సాప్ గ్రూపులో చప్పట్ల బొమ్మలు మాత్రం సకాలంలో అందాయి.

ఒక కార్యాలయం వారి ఆన్‌లైన్ ఫారం, పెద్దలు సగం నింపేలోగానే గడువు తీరి మూసుకుపోతోంది. గడువు పొడిగించుకునే వీలుండాలని వెబ్ పేజీలు అందరూ వాడగలిగేలా ఉండాలనే వెబ్ సౌలభ్య ప్రమాణాలు 2008లోనే చెప్పాయని గుర్తు చేస్తూ లేఖ రాశాం. ఫిర్యాదులు ఆన్‌లైన్‌లోనే స్వీకరిస్తామని జవాబు వచ్చింది. రెండో లేఖ పంపాం, దానికి జవాబే లేదు.

ఆదాయ వ్యయాల పట్టిక జతచేశాం, ఆమోదించగలరు.

వచ్చే శిబిరానికి నేర్పేవారు కావాలి. నిజంగా రాగలిగినవారే పేరివ్వండి. కాగితం, కలం నా బల్ల మీద ఉన్నాయి.

ఇట్లు,
కార్యదర్శి