వార్షిక నివేదిక: ఈ ఏడాదంతా మన వెబ్‌సైట్లతోనే సరిపోయింది

మన చిన్న వ్యాపారుల సంఘం సభ్యులందరికీ నమస్కారం. ప్రతి ఏడాదీ ఈ నివేదికలో ఎన్ని మీటింగులు పెట్టాం, ఎవరెవరు వచ్చారు, ఏ తీర్మానం చేశాం అని రాసేసి సంతకం పెట్టేవాళ్ళం. ఈసారి పనంతా ఒక్క విషయం చుట్టూనే తిరిగింది కాబట్టి నివేదిక కూడా అలాగే ఉంటుంది, ముందే చెప్పేస్తున్నా. జమాఖర్చుల పత్రం కోశాధికారి గారు విడిగా ఇస్తారు, దాని జోలికి నేను పోవట్లేదు.

కిందటి సర్వసభ్య సమావేశం చివర్లో ఒక సభ్యురాలు లేచి "వెబ్‌సైట్ చేయించా, చూడ్డానికి బానే ఉంది, కానీ దాన్ని చూసి ఒక్కళ్ళూ ఫోన్ చెయ్యలేదు, అసలు అందులో ఏమేం ఉండాలండీ" అని అడిగారు గుర్తుందా. దానికి అక్కడున్న ప్రతివాళ్ళూ తలో సలహా ఇచ్చారు, ఒకరు చాట్ బటన్ పెట్టమంటే ఇంకొకరు వీడియో పెట్టమన్నారు, ఆ గోల భరించలేక కమిటీ వాళ్ళం ఒకటి అనుకున్నాం: అడిగిన ప్రతి సభ్యుడి పక్కనా కూర్చుని వాళ్ళ సైట్‌ని ఫోన్‌లో తెరిచి చూద్దాం, సలహాలు తర్వాత. కంప్యూటర్‌లో కాదు, ఆఫీసు వైఫైలో కూడా కాదు, మామూలు ఫోన్‌లో మొబైల్ డేటా మీద, ఎందుకంటే కస్టమర్ చూసేది అలాగే కదా.

అలా కూర్చున్నాక తెలిసిందేంటంటే సైట్‌లో ఏముంది అన్నది రెండో ప్రశ్న, అసలు సైట్ ఎవరి చేతిలో ఉంది అన్నది మొదటిది. డొమైన్‌కీ హోస్టింగ్‌కీ తేడా చాలామందికి తెలీదు, దాన్ని నేను ఇలా చెప్తూ వచ్చా: డొమైన్ అంటే సైట్ తెరవడానికి టైప్ చేసే పేరు, అది మీ ఫోన్ నంబర్ లాంటిది, హోస్టింగ్ అంటే సైట్‌ని ఉంచే అద్దె కంప్యూటర్, అది హ్యాండ్‌సెట్ లాంటిది. హ్యాండ్‌సెట్ ఎన్నిసార్లు మార్చినా నంబర్ అదే ఉంటుంది, కానీ ఆ సిమ్ ఎవరి పేరు మీద తీస్కున్నారో నంబర్ వాళ్ళదే అవుతుంది. మనలో చాలామంది సిమ్ సైట్ చేసిపెట్టిన వాళ్ళ పేరు మీద ఉంది! వాళ్ళేదో మోసం చేశారని కాదు, మనం అడగలేదు, వాళ్ళు వాళ్ళ అకౌంట్‌లోనే పని కానిచ్చేశారు.

డొమైన్‌ని ఎవరూ శాశ్వతంగా కొనలేరు. డాట్ కామ్ లాంటివైతే ఒకేసారి ఎక్కువలో ఎక్కువ 10 ఏళ్ళకి తీస్కోవచ్చు, ఆ తర్వాత మళ్ళీ రెన్యూవల్ చెయ్యాల్సిందే. గడువుకి నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి గుర్తు చేస్తూ మెయిల్ పంపాలని ఈ పేర్ల వ్యవస్థని చూసే ఐకాన్ సంస్థ రూలే పెట్టింది, పంపుతారు కూడా, కాకపోతే ఆ మెయిల్ వెళ్ళేది రిజిస్టర్ చేసినప్పుడు ఇచ్చిన అడ్రస్‌కి. మన సభ్యుడొకాయనకి సరిగ్గా ఇదే జరిగింది, సైట్ చేసినతను ఆ పని మానేసి వేరే ఉద్యోగంలోకి వెళ్ళిపోయాడు, అతని పాత మెయిల్ తెరిచేవాళ్ళు లేరు, ఒకరోజు పొద్దున చూస్తే సైట్ లేదు, ఆ డొమైన్ మీదున్న మెయిల్ అడ్రస్ కూడా దాంతోపాటే పోయింది. అదృష్టం ఏంటంటే పేరు రద్దయ్యాక కూడా పాత ఓనర్ వెనక్కి తీస్కోడానికి 30 రోజుల గడువుంటుంది, అదనపు ఫీజు కట్టాల్సొస్తుంది గానీ పేరు దక్కుతుంది. ఆ గడువు దాటితే ఎవరైనా ఎగరేసుకుపోవచ్చు. ఆయనకి దక్కింది. ఆ సైట్ చేసినతన్ని వెతికి పట్టుకోడానికి మాత్రం కమిటీ వాళ్ళం ముగ్గురం నానా తిప్పలూ పడ్డాం.

రెండోది ఫారం. "మమ్మల్ని సంప్రదించండి" అని పేరూ ఫోనూ అడిగే పెట్టె ఉంటుందే, అది. ఇక్కడ నా పరువు నేనే తీస్కుంటున్నా, ఊళ్ళోవాళ్ళందరికీ సైట్లు చూసిపెడుతున్న కార్యదర్శి గారి సొంత ఫారం నెలల తరబడి పనిచెయ్యట్లేదు. నింపినవాళ్ళకి "మీ సందేశం అందింది, ధన్యవాదాలు" అని వస్తోంది, నాకేమో ఏమీ రావట్లేదు. అవతలివాళ్ళు నేను జవాబివ్వని పొగరుబోతునని అనుకునుంటారు, నేనేమో బిజినెస్ డల్‌గా ఉందనుకుంటూ కూర్చున్నా. కారణం చిన్నదే, ఫారం నింపినవాళ్ళ మెయిల్ అడ్రస్‌నే పంపినవాళ్ళ అడ్రస్‌గా పెట్టి నా సైట్ ఉన్న సర్వర్ నాకు మెయిల్ పంపుతోంది, అంటే ఇంకొకరి పేరుతో ఉత్తరం రాస్తున్నట్టు, మెయిల్ కంపెనీలు దాన్ని దొంగ మెయిల్ కింద లెక్కేసి స్పామ్‌లో పడేస్తాయి లేదా అసలు లోపలికే రానివ్వవు. ఈ మెయిల్ ఈ డొమైన్ నుంచే వచ్చిందా అని చూడ్డానికి డొమైన్ సెట్టింగుల్లో ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు రికార్డులుంటాయి, 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ వీటి విషయంలో ఇంకా బిగించాయి, రోజుకి 5000 మెయిల్స్ పైన పంపేవాళ్ళకి మూడూ ఉండాలి, మనలాంటి చిన్నవాళ్ళకి కూడా మొదటి రెండిట్లో ఒకటైనా లేకపోతే కష్టమే. రిపేర్ ఏంటంటే పంపే అడ్రస్ మన డొమైన్‌దే పెట్టాలి, నింపినవాళ్ళ అడ్రస్‌ని రిప్లై వెళ్ళే చోట పెట్టాలి, ఆ రికార్డులు హోస్టింగ్ వాళ్ళని అడిగి పెట్టించుకోవాలి. నెలకోసారి మీ ఫారం మీరే నింపి చూడండి. నేనిప్పుడు ప్రతి ఒకటో తారీఖునా నాకు నేనే ఎంక్వైరీ పెట్టుకుంటున్నా, ఇంట్లోవాళ్ళు నవ్వుతున్నారు.

ఫారంలో చెత్త మెసేజ్‌లు వచ్చిపడేవాళ్ళకి ఇంకో చిట్కా. ట్రాఫిక్ లైట్లు గుర్తుపట్టమనే క్యాప్చా అందరికీ చిరాకే, దానికన్నా ముందు మనుషులకి కనపడని ఖాళీ గడి ఒకటి ఫారంలో పెట్టించి చూడండి, రోబోట్లు కనపడిన ప్రతి గడీ నింపేస్తాయి కాబట్టి ఆ గడి నిండితే అది మనిషి కాదన్నమాట. చాలా ఫారం ప్లగిన్లలో, అంటే సైట్‌కి అదనంగా తగిలించే చిన్న సాఫ్ట్‌వేర్లలో, ఇది ఒక్క టిక్కుతో అయిపోతుంది.

తాళం గుర్తు గురించి కూడా చాలామంది అడిగారు. అడ్రస్ ముందు హెచ్‌టీటీపీఎస్ లేకపోతే 2018 జూలై నుంచి క్రోమ్ "సురక్షితం కాదు" అని చూపిస్తుంది, అది చూసి కస్టమర్ భయపడి వెళ్ళిపోతాడు, న్యాయమే. దీనికి కావాల్సిన సర్టిఫికెట్ లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఊరికే ఇస్తుంది, దాని గడువు మామూలుగా 90 రోజులే కాబట్టి తనంతట తనే రెన్యూ అయ్యేలా పెట్టించుకోవాలి, మంచి హోస్టింగ్‌లో అది ముందే ఉంటుంది. కాబట్టి దీనికి ఎవరైనా పెద్ద బిల్లు వేస్తే ఎందుకని అడగండి. ఇంకోటి, ఆ సర్టిఫికెట్ ఉందంటే దారిలో ఎవరూ చదవలేరని అర్థం అంతే, అవతలున్నవాడు నిజాయితీపరుడని కాదు. అందరూ అలా అపార్థం చేస్కుంటున్నారనే క్రోమ్ వాళ్ళు 2023లో ఆ తాళం బొమ్మనే తీసేసి వేరే గుర్తు పెట్టారు.

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, 2021 దాకా గూగుల్ మై బిజినెస్ అనేవాళ్ళే, అది లేని సభ్యులందరికీ కూర్చోబెట్టి చేయించాం, ఉచితమే. మ్యాప్‌లో కనపడేది ఇదే, టైమింగులు, ఫోన్ నంబర్, ఫోటోలు ఇందులోంచే వస్తాయి. సైట్‌లో ఒక టైమింగ్, ఇక్కడ ఇంకో టైమింగ్ ఉంటే మాత్రం కస్టమర్ మూసిన తలుపు దగ్గరికొచ్చి తిట్టుకుంటాడు. దీంతోపాటు ఇదివరకు ఒక పేజీ ఫ్రీ వెబ్‌సైట్ కూడా ఇచ్చేవాళ్ళు, 2024 మార్చిలో వాటన్నిటినీ ఆపేశారు, అదే తన సైట్ అనుకుని విజిటింగ్ కార్డుల మీద అచ్చు వేయించుకున్న ఒక తమ్ముడు మన దగ్గరే ఉన్నాడు, కార్డులింకా కట్టలు కట్టలు మిగిలున్నాయట.

సైట్ దేంతో చేయించుకోవాలి, వర్డ్‌ప్రెస్సా, విక్సా, షాపిఫైయా అని వాదనలు మీటింగుల్లో బాగా నడిచాయి. నా ఉద్దేశం చెప్తా, ఒప్పుకోకపోయినా పర్లేదు. వర్డ్‌ప్రెస్ 2003 నుంచి ఉంది, సాఫ్ట్‌వేర్ ఉచితం, ఏ హోస్టింగ్‌కైనా మూటగట్టుకుని తీస్కెళ్ళొచ్చు, కానీ ప్లగిన్లు అప్‌డేట్ చేస్తూ ఉండటం మన నెత్తిమీద పని, వదిలేస్తే హ్యాకర్లు దూరేది ఆ పాత ప్లగిన్లలోంచే. విక్స్, షాపిఫై లాంటివాటిల్లో ఆ బాధ లేదు, వాళ్ళే చూస్కుంటారు, కాకపోతే మానేసి వెళ్ళేటప్పుడు సరుకుల లిస్టు లాంటివి పట్టుకుపోవచ్చు గానీ సైట్‌ని సైట్‌లా తీస్కెళ్ళలేం. వారానికి అరగంట కూడా కేటాయించలేనివాళ్ళు రెండోదానికే వెళ్ళండి, మొహమాటం వద్దు.

ఆన్‌లైన్‌లో డబ్బు తీస్కునేవాళ్ళు కస్టమర్‌ని పేమెంట్ గేట్‌వే, అంటే మన తరఫున డబ్బు వసూలు చేసిపెట్టే కంపెనీ, పేజీకే పంపించండి. కార్డు నంబర్ మీ సొంత ఫారంలో అడిగి మెయిల్‌కి తెప్పించుకునే పని మాత్రం ఎవరూ చెయ్యొద్దు, ఒకరు చేస్తుంటే చూసి గుండె ఆగినంత పనైంది, ఆరోజే తీయించేశాం.

స్పీడ్ సంగతి. సైట్లు నత్తనడక నడవడానికి కారణం దాదాపు ప్రతిచోటా ఫోటోలే, ఫోన్ కెమెరాలో తీసింది తీసినట్టే ఎక్కించేస్తున్నారు, దాన్ని వెడల్పు తగ్గించి వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మారిస్తే బరువు ఎన్నో వంతులు తగ్గిపోతుంది, కంటికి తేడా తెలీదు. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే ఉచిత టూల్‌లో మీ అడ్రస్ కొడితే ఎక్కడ బరువుందో అదే చెప్తుంది, పేజీలో అన్నిటికన్నా పెద్ద బొమ్మో అక్షరాల ముక్కో 2.5 సెకన్లలోపు కనపడితే మంచిదని లెక్క. అక్కడ వందకి వంద తెచ్చుకోవాలని మాత్రం పట్టుబట్టకండి, అదేం పరీక్ష కాదు. కదిలే స్లైడర్లు, రాగానే మొహమ్మీద పడే పాప్అప్‌లు, తనంతట తనే మోగే పాటలు తీసేయండి. ఒకాయన సైట్‌లో ఫ్లాష్‌తో చేసిన స్వాగత యానిమేషన్ ఇంకా ఉంది, ఫ్లాష్‌ని అడోబీ వాళ్ళే 2020 డిసెంబర్‌తో ఆపేశారు కాబట్టి ఇన్నాళ్ళూ వచ్చినవాళ్ళకి స్వాగతం బదులు ఖాళీ డబ్బా కనిపిస్తోంది.

ఫోన్ నంబర్ని బొమ్మలో రాయకండి, నొక్కితే కాల్ వెళ్ళేలా లింకు పెట్టించండి. నన్నడిగితే ఈ ఏడాది మేం చేసినవాటిల్లో అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది ఇదే, రెండు నిమిషాల పని. అలాగే సర్వీసుల వివరాలన్నీ పోస్టర్ చేసి బొమ్మగా ఎక్కిస్తే సెర్చ్‌లో దొరకడం కష్టం, చూపు లేనివాళ్ళకి పేజీ చదివిపెట్టే సాఫ్ట్‌వేర్‌కీ అది పనికిరాదు, అక్షరాలు టైపే చెయ్యాలి, బొమ్మలకి ఆల్ట్ టెక్స్ట్ అని చిన్న వివరణ రాయాలి.

ఎంతమంది వస్తున్నారో చూసే గూగుల్ అనలిటిక్స్ పాత వెర్షన్ 2023 జూలై 1 నుంచి లెక్కలు ఆపేసింది, ఆ సంగతి తెలీక "సైట్‌కి ఒక్కళ్ళూ రావట్లేదు" అని బెంగపెట్టుకున్నవాళ్ళున్నారు. చిన్న వ్యాపారానికి నేనైతే ముందు గూగుల్ వాళ్ళదే సెర్చ్ కన్సోల్ అనే టూల్ చూడమంటా, జనం ఏ మాటలు టైప్ చేస్తే మీ సైట్ కనిపించిందో అందులో ఉంటుంది, మనం వాడే మాట ఒకటి, వాళ్ళు వెతికే మాట ఇంకొకటి, తేడా చూస్తే ఆశ్చర్యమేస్తుంది. బ్యాకప్ గురించి ఒక్క ముక్క: హోస్టింగ్‌లోనే ఉన్న బ్యాకప్ హోస్టింగ్‌తోనే పోతుంది, ఒక కాపీ బయట పెట్టుకోండి.

చెయ్యలేకపోయినవీ ఉన్నాయి. ఇవన్నీ ఒకే సాయంత్రం క్లాసులో చెప్పేద్దామని పెట్టిన మీటింగ్ ఘోరంగా ఫెయిలైంది, సగంలోనే కొందరు కునుకు తీశారు, తప్పు మాదే. సభ్యులందరి లాగిన్‌లు సంఘం రిజిస్టర్‌లో రాసిపెడదామన్న ప్రతిపాదన కమిటీలో వచ్చింది గానీ తిరస్కరించాం, అందరి తాళాలూ ఒకే పెట్టెలో పెట్టడం తెలివి తక్కువ పని. ఎవరివి వాళ్ళే దాచుకుని, ఇంట్లో నమ్మకస్తులొకరికి చెప్పి ఉంచండి, పాస్‌వర్డ్‌తోపాటు ఇంకో కోడ్ కూడా అడిగే రెండంచెల లాగిన్ ఆన్ చేస్కోండి.

వచ్చే ఏడాదికి కమిటీలో ఇద్దరు కావాలి, టెక్నికల్‌గా తెలిసుండక్కర్లేదు, పక్కన ఓపిగ్గా కూర్చోగలిగితే చాలు. సర్వసభ్య సమావేశానికి వచ్చేటప్పుడు ప్రతివాళ్ళూ మీ డొమైన్ ఏ మెయిల్ అడ్రస్ మీద ఉందో, గడువు ఎప్పుడో కాగితం మీద రాసుకుని రండి, పాస్‌వర్డ్ రాయొద్దు. తెలీకపోతే తెలీదనే రాసుకొచ్చేయండి, హాజరు పట్టీ దగ్గర నేనే ఉంటా, అక్కడే కూర్చుని చూద్దాం.

ఇట్లు,
కార్యదర్శి