పెడళ్ళు అంటించే ముందు

తిరుపతి

చిరంజీవి పాపకు నాయన ఆశీర్వదించి రాయునది.

నువ్వు పంపిన ఫొటో చూశాను. గిటార్ సౌండును మార్చే నీ ఆరు పెడళ్ళూ పేర్చి, వెల్క్రో చుట్ట పక్కనే సిద్ధంగా పెట్టుకున్నావు. ఆ చుట్ట ఇప్పుడే విప్పొద్దు. పెడళ్ళన్నీ కూర్చునే పలకకు, అదే పెడల్‌బోర్డుకు, అంటించడం ఆఖరి పని. గమ్ పడ్డాక పెడల్ అడుగున ఉన్నదేదీ చేతికి అందదు. వరస మార్చాలంటే పట్టీలు పీకాలి, పీకిన పట్టీ మళ్ళీ అంతే గట్టిగా పట్టదు.

ముందు కొలతలు తీసుకో. బాస్ కంపెనీ చిన్న పెడల్ 73 మి.మీ. వెడల్పు, 129 మి.మీ. పొడవు. పెడల్ లోపలికి సిగ్నల్ వెళ్ళే జాక్ కుడి పక్కన, బయటికి వచ్చేది ఎడమ పక్కన ఉంటాయి కాబట్టి బోర్డు మీద వరస కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. కుడి చివర కాలితో ఊపే వా పెడల్, దానికి సుమారు 10 సెం.మీ. పోతుంది. ముందు వరసలో శ్రుతి చూపే ట్యూనర్, సౌండును గరుకుగా చేసే ఓవర్‌డ్రైవ్, డిస్టార్షన్ పెట్టు. వెనక వరసలో సౌండును చిక్కగా చేసే కోరస్, ఆ తర్వాత ప్రతిధ్వనిలా మళ్ళీ వినిపించే డిలే. పెడల్‌కూ పెడల్‌కూ మధ్య పల్చటి ఎల్ ఆకారపు ప్లగ్గులు ఎదురెదురుగా పట్టడానికి 3 సెం.మీ. వదులు. ముందు వరసకు మూడు పెడళ్ళు, రెండు సందులు కలిపి 28 సెం.మీ., వా పెడల్‌కూ దాని పక్క సందుకూ 13, రెండు చివర్లా కేబుళ్ళు గుచ్చడానికి చెరో 5. మొత్తం 51 అవుతుంది. లోతు రెండు వరసలకు 26, మధ్య సందుకు 4. కాబట్టి 55 వెడల్పు, 32 లోతు ఉన్న పలక చాలు. ఇంకో పెడల్ కొంటానేమో అని ముందే పెద్ద పలక కోయించకు. బోర్డు పెద్దదయ్యే కొద్దీ బరువు పెరుగుతుంది, మోసేది నువ్వే.

ముందు వరస ఎడమ చివర నుంచి వెనక వరస కుడి చివరకు ఒక్క కేబుల్ మాత్రం పొడుగ్గా కావాలి, 45 సెం.మీ. అయితే సరిపోతుంది. మిగతావి 15 సెం.మీ. చాలు. వెనక వరస కింద 3 సెం.మీ. ఎత్తు చెక్క పట్టీ వేయించు. లేదంటే డిలే నొక్కబోయి ముందున్న డిస్టార్షన్ నాబ్‌ను కాలితో తిప్పేస్తావు.

ఈ కొలతలకు పాత పేపరు కత్తిరించి నేల మీద పరిచి, కేబుళ్ళన్నీ గుచ్చి, పెడళ్ళు దాని మీదే పెట్టుకొని వారం పాటు వాయించు. వేదిక మీద చెప్పులతో వాయిస్తావో, ఒట్టి కాళ్ళతో వాయిస్తావో అలాగే తొక్కి చూడు. మాటిమాటికీ ఏది తొక్కుతున్నావో అప్పుడే తెలుస్తుంది. దాన్ని ముందు వరసలో పెట్టుకో. ఒకసారి ఆన్ చేసి వదిలేసేది వెనక్కి పోవచ్చు.

ఇక కరెంటు. ఈ పెడళ్ళలో చాలా వాటికి కావాల్సింది 9 వోల్టులు డీసీ, సెంటర్ నెగటివ్. పెడల్ మీదున్న గుర్తు చూడు, మధ్యలోని చుక్కకు మైనస్ కలిసి ఉండాలి. మూడు సంగతులు విడివిడిగా గుర్తుపెట్టుకో. వోల్టు సరిగ్గా సరిపోవాలి. మిల్లీ ఆంపియర్లు అడాప్టర్‌లో ఎక్కువున్నా భయం లేదు, పెడల్ తనకు కావలసినంతే తీసుకుంటుంది. తక్కువైతేనే చిక్కు: డిలే మధ్యలో ఆగిపోతుంది, ట్యూనర్ లైట్లు మినుకుమంటాయి. ఇక ప్లస్, మైనస్ కొసలు తారుమారైతే లోపల కాపాడే డయోడో, అది లేకపోతే సర్క్యూటో కాలిపోతుంది. ఇంట్లో వైఫై రౌటర్ అడాప్టర్ పిన్ను పెడల్‌లోకి చక్కగా దూరుతుంది. కానీ అది చాలా మటుకు 12 వోల్టులు, సెంటర్ పాజిటివ్. దూరింది కదా అని ఆన్ చేయవద్దు.

ఓవర్‌డ్రైవ్, డిస్టార్షన్ చెరో 10 మిల్లీ ఆంపియర్ల దగ్గర తీసుకుంటాయి, కోరస్ 20 దగ్గర. డిజిటల్ డిలే 60 చిల్లర. బాస్ టీయూ-3 ట్యూనర్ మామూలుగా 30 తీసుకున్నా, వెలుగు పెంచే పద్ధతిలో పెడితే 85 దాకా లాగుతుంది. వా పెడల్‌ది లెక్కలోకి రానంత. అన్నీ కలిపి 190 దగ్గరే. అయినా 300కు తగ్గని సప్లై తీసుకో. నీ పెడళ్ళ మీద రాసి ఉన్న అంకెలతో ఈ లెక్క ఒకసారి సరిచూసుకో, మోడల్‌ను బట్టి మారుతుంది.

ఒకే వైరుకు ఆరు పిన్నులు వేలాడే డైసీ చైన్ చవకే. మామూలు పెడళ్ళు నాలుగింటికి బాగానే పని చేస్తుంది. డిజిటల్ డిలే దాంట్లో చేరగానే ఓవర్‌డ్రైవ్ నొక్కినప్పుడు సన్నగా, కీచుమని ఒక శబ్దం వస్తుంది. డిలే లోపలి డిజిటల్ గడియారం చప్పుడు అందరూ పంచుకుంటున్న గ్రౌండ్ వైరు గుండా వచ్చి, ఓవర్‌డ్రైవ్‌లో పెద్దదవుతుంది. డిలేను మాత్రం బ్యాటరీతో నడిపి చూడు, శబ్దం పోయిందంటే కారణం అదే. అలాంటప్పుడు ఒక్కో అవుట్‌పుట్ విడిగా ఐసోలేట్ అయిన, అంటే గ్రౌండ్ పంచుకోని, సప్లై కొనడమే మేలు. ఎక్కువ సాకెట్లున్నంత మాత్రాన ఐసోలేటెడ్ కాదు, డబ్బా మీద ఆ మాట ఉందో లేదో చూసి కొను. జెర్మేనియం ట్రాన్సిస్టర్లున్న ఫజ్ పెడల్ ఏదైనా తర్వాత కొంటే దాన్ని డైసీ చైన్‌లో అసలు కలపవద్దు. వాటిలో కొన్ని పాజిటివ్ గ్రౌండ్‌వి, అంటే ప్లస్ కొసనే గ్రౌండ్‌గా వాడేవి, కలిపితే సప్లై షార్ట్ అవుతుంది.

గుయ్యిమనే హమ్ వేరు. అది మన 50 హెర్ట్జ్ లైను నుంచి వచ్చేది. దాన్ని పోగొట్టడానికి ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయమని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు తల్లీ. ఆంప్‌లో, అదే ఆంప్లిఫయర్‌లో, ఏదైనా తప్పు జరిగితే ఆ కరెంటు గిటార్ తీగల మీదికి వస్తుంది, నీ పెదవులు మైకును తాకుతుంటాయి. గంగమ్మ జాతర నాటి పందిళ్ళలోలాగా జనరేటర్ మీద నడిచే చోట, సౌండ్ వాళ్ళను అడిగి మల్టీమీటర్ పెట్టించు. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య దాదాపు 230 చూపాలి, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులు దాటకూడదు. అలా చూపకపోతే వాళ్ళు సరిచేసేదాకా గిటార్ గుచ్చవద్దు. ఇందులో మొహమాటం పనికిరాదు.

ఇప్పుడు అంటించే పని. ముందు ఒక్కో పెడల్ తిరగేసి, లోపలి బ్యాటరీ తీసేయి. కొన్నింటికి బ్యాటరీ మూత అడుగునే ఉంటుంది, వెల్క్రో పడితే మూసుకుపోతుంది. లోపల మరిచిన బ్యాటరీ కారితే సర్క్యూట్ తుప్పు పడుతుంది. లోపల చిన్న స్విచ్చులేవైనా ఉంటే ఇప్పుడే సర్దుకో, అడుగున ఉన్న సీరియల్ నంబరు ఫొటో తీసుకో.

బాస్ పెడల్ అడుగున రబ్బరు షీటు ఉంటుంది. రబ్బరు మీద గమ్ నిలవదు. హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడిచేసి ఒక మూల నుంచి నిదానంగా లాగితే చిరక్కుండా వస్తుంది, కవరులో దాచుకో. మిగిలిన జిగురు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడువు, సెల్‌ఫోన్ రిపేరు దుకాణాల్లో దొరుకుతుంది. థిన్నర్ వాడితే పెయింటు లేస్తుంది. పలక మాత్రం ఒట్టి ప్లైవుడ్‌గా వదలకు. చెక్క పొట్టు గమ్‌ను తాగేసి, కొద్ది రోజులకే పట్టీ లేచిపోతుంది. 12 మి.మీ. ప్లై మీద సన్‌మైకా వేయిస్తే నున్నగా ఉంటుంది, గమ్ బాగా పడుతుంది.

వెల్క్రో కొనేటప్పుడు గమ్ ఉన్నదే అడుగు. బ్యాగులు కుట్టేవాళ్ళ దగ్గర దొరికేది కుట్టడానికి చేసినది. గరుకు వైపు పెడల్‌కు, మెత్తటి వైపు బోర్డుకు అంటించు. 25 మి.మీ. పట్టీలు రెండు, పెడల్ పొడవునా వేయి. బోర్డు మీది పట్టీల కొసలకు స్టేపుల్ గన్‌తో రెండేసి పిన్నులు కొట్టించు, మొదట లేచేది కొసలే. అంటించాక గట్టిగా నొక్కి, పెడళ్ళు ఎక్కించకుండా ఒక రోజంతా వదిలెయ్. డబుల్ సైడ్ ఫోమ్ టేపు జోలికి పోవద్దు. మే నెలలో అది మెత్తబడి పెడల్‌తో పాటు జారుతుంది, తుడిచినా పోని బంక మిగులుతుంది.

వా పెడల్‌కు వెల్క్రో చాలదు. మిగతా పెడళ్ళను కిందికి నొక్కుతావు కానీ దీన్ని మడమతోనూ మునివేళ్ళతోనూ ఊపుతావు, ప్రతి ఊపుకూ ఒక అంచు పైకి లేస్తుంది. దీనికి రెండు దారులు. ఒకటి 3ఎం డ్యూయల్ లాక్. పుట్టగొడుగు ఆకారపు ప్లాస్టిక్ తలలు ఒకదానిలో ఒకటి టక్కున దిగి కూర్చుంటాయి. నాలుగు మూలలా 25 మి.మీ. చదరపు ముక్కలు చాలు. పూర్తిగా పరిస్తే తీసేటప్పుడు అడుగు రేకు వంగుతుంది.

రెండోది, నాకు ఎక్కువ నచ్చేది, పాత సైకిల్ చైను. సైకిల్ షాపులో చైను లింకు బయటి రేకులు విడదీయించి, కిరసనాయిల్‌తో గ్రీజు కడుగు. పెడల్ అడుగు రేకు మూలల్లో ఉన్న స్క్రూ తీసి, లింకు ఒక రంధ్రం గుండా అదే స్క్రూ మళ్ళీ బిగించు. రెండో రంధ్రం పెడల్ బయటికి వచ్చేట్టు తిప్పి, 10 మి.మీ. చెక్క స్క్రూతో బోర్డుకు బిగించు. నాలుగు మూలలకు నాలుగు. గమ్ లేదు, ఎండకు జారేదీ లేదు. అసలు స్క్రూకు బదులు పొడుగుది వాడితే మాత్రం మొన లోపలి సర్క్యూట్‌ను తాకి షార్ట్ అవుతుంది, జాగర్త.

పవర్ వైర్లు వెనక అంచు వెంట, సిగ్నల్ కేబుళ్ళు ముందు నుంచి నడిపించు. దాటక తప్పని చోట అడ్డంగా దాటించు, పక్కపక్కన పడుకోబెట్టకు. జిప్ టైలు వేలు దూరేంత వదులుగా ఉండాలి, బిగిస్తే ప్లగ్గు మొదట్లో వైరు తెగుతుంది. గిటార్ కేబుల్‌ను బోర్డు పక్కన ఒక కొక్కెం చుట్టూ తిప్పి గుచ్చితే, ఎవరైనా తొక్కినా లాగుడు కొక్కెం మీదే పడుతుంది, జాక్ బతుకుతుంది. అన్నీ అయ్యాక సౌండ్ రాకపోతే పెడళ్ళన్నీ పీకవద్దు. వరస మధ్యలో కేబుల్ తీసి నేరుగా ఆంప్‌కు గుచ్చు, తప్పు ఏ సగంలో ఉందో తేలుతుంది. మళ్ళీ ఆ సగాన్ని సగం చెయ్. పదికి తొమ్మిదిసార్లు చిన్న కేబులే దొంగ.

బెంగళూరు బస్సులో బోర్డును డిక్కీలో వేయవద్దు. చిత్తూరు దాటేసరికి ఆ వేడికి గమ్ మెత్తబడుతుంది, మొగిలి ఘాటు మలుపుల్లో పెడళ్ళు పక్కకు జరుగుతాయి. కాళ్ళ దగ్గరే పెట్టుకో.

పేపరు మీద వారం వాయించాక, చివరి కొలతలు రాసి పంపు. ప్లై, సన్‌మైకా ఇక్కడే కోయించి, అంచులు గీకించి ఉంచుతాను. వా పెడల్ అడుగు స్క్రూల మధ్య దూరం కూడా మి.మీ.లో కొలిచి రాయి.

ఇట్లు,
నాయన