పాత టోపోషీట్లు బయటపెట్టండి, మన చెరువులు అందులో ఉన్నాయి

ఎడిటర్ గారికి నమస్కారం,

చెరువుల కబ్జాల మీద మీ పేపర్లో వస్తున్న వార్తలు వదలకుండా చదువుతున్నాను. ప్రతి దాంట్లోనూ ఒకటే గొడవ, ఇక్కడ చెరువు ఉండేదని ఊళ్ళో పెద్దాళ్ళు అంటారు, ఎప్పుడూ లేదని ప్లాట్లు వేసినవాళ్ళు అంటారు, ఇద్దరి మాటా గాల్లోనే ఉంటుంది. ఆ రోజుల్లోనే ఆ నేల మీద నడిచి గీసిన సాక్ష్యం ఒకటుంది కదా, దాన్నెందుకు ఎక్కువమంది అడగట్లేదో నాకు అర్థం కాదు. నేను చెప్పేది దేశం మ్యాపులు గీసే కేంద్ర సంస్థ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ పాత టోపోషీట్ల గురించి, అంటే ఎత్తుపల్లాలు, వాగులు, చెరువులు, ఊళ్ళు అన్నీ చూపించే మ్యాపులు, అంగుళానికి ఒక మైలు లెక్కన గీసినవి.

మా ఇంట్లో అలాంటి షీట్ ఒకటి ఉంది, మడతల దగ్గర చిరిగితే వెనకాల గుడ్డ అంటించారు. ఒక్కో షీట్లో ఉత్తరం నుంచి దక్షిణానికి దాదాపు 28 కిలోమీటర్ల నేల పడుతుంది. మొదట్లో ఏమీ అర్థం కాలేదు, అన్నీ గోధుమరంగు గీతలే. అవి కాంటూర్లని, ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నీ కలుపుతూ గీస్తారని, దగ్గరదగ్గరగా ఉంటే గుట్ట, దూరంగా ఉంటే చదును నేల అని తెలిశాక ఇక దాన్ని వదల్లేకపోయాను.

ఒకరోజు భూతద్దం పెట్టుకుని ఒక వాగు వెంట వేలు జరుపుకుంటూ పోతుంటే విల్లులాగా వంగిన గీత ఒకటి తగిలింది, అది చెరువు కట్ట. దాని పక్కన చిన్న అంకె, ఆ అంకె పక్కనే ఇంగ్లీషు ఆర్ అక్షరం, అంటే ఆ కట్ట చుట్టుపక్కల నేల కంటే ఎంత ఎత్తుందో ఆ లెక్క, పాత షీట్లలో అయితే అడుగుల్లో ఇస్తారు. ఆ కట్ట చివర నుంచి సన్నగా ఒక నీలం గీత దిగి కింద కుంటలోకి పోతుంది, అక్కడి నుంచి ఇంకోటి బయల్దేరి ఆ కింద ఇంకో చెరువులోకి. పై చెరువు నిండి అలుగు పారితే కింది దానికి నీళ్ళు, అది నిండితే ఆ కింది దానికి, గొలుసుకట్టు చెరువులని మనం వింటామే, అదంతా ఆ కాగితం మీద నా వేలి కింద అలా కనపడుతుంటే ఒళ్ళు జలదరించింది. అదే చోటు ఇప్పటి శాటిలైట్ ఫోటోలో చూస్తే మధ్య కుంట లేదు. పై చెరువు ఉంది, కింది చెరువు ఉంది, మధ్యలో ఇళ్ళు. గట్టి వాన పడితే ఆ నీళ్ళు ఎటు పోవాలో చెప్పండి, ఆ ఇళ్ళలోకే కదా.

గ్రామ నక్షాలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, సర్వే నంబర్లకి అవే ఆధారం, వాటిని నేను కాదనను. కానీ గ్రామ నక్షా ఊరి పొలిమేర దగ్గర ఆగిపోతుంది, ఎత్తుపల్లాలు చూపించదు, నాలుగూళ్ళ చెరువులు ఒకదానికొకటి ఎలా ముడిపడి ఉన్నాయో తెలియాలంటే టోపోషీటే చూడాలి.

చెరువులొక్కటే కాదు. ఆ షీట్ల కింద ఉండే గుర్తుల పట్టికలో జనం ఉన్న ఊరికి ఒక గుర్తు, పాడుబడ్డ ఊరికి వేరే గుర్తు ఉంటాయి, అలాగే కట్టుడు బావికొకటి, మామూలు బావికొకటి, తాటిచెట్లకి కూడా ఒకటి. ఎవరూ పట్టించుకోని పాటిదిబ్బ మీద పాడుబడ్డ ఊరి గుర్తు కనిపిస్తే అక్కడ ఒకప్పుడు జనం ఉండేవాళ్ళని తెలుస్తుంది. నాగార్జునసాగర్ పనులకి 1955లో శంకుస్థాపన జరిగింది, అంతకుముందు సర్వే చేసిన షీట్లలో నాగార్జునకొండ లోయ ఇంకా నేలే, ఇప్పుడు అదంతా నీళ్ళ కింద ఉంది. మునిగిపోయిన చోట బాటలు, వాగులు ఎలా ఉండేవో చూడాలంటే ఇంతకంటే మంచి దారి నాకు తెలీదు.

అయితే జాగ్రత్తగా చదవాలి. షీట్ మీద సర్వే చేసిన ఏడాది, అచ్చేసిన ఏడాది వేరువేరుగా ఉంటాయి, మనకి కావలసింది సర్వే ఏడాది. ఊళ్ళ పేర్లు ఇంగ్లీషులో విన్నట్టు రాసుకున్నారు కాబట్టి కొన్ని గుర్తుపట్టలేం, పైకి చదువుకుని చెవితో వినాలి. ఇప్పటి మ్యాప్ మీద పెట్టి చూస్తే అంతా కొంచెం పక్కకి జరిగినట్టుంటుంది, ఎందుకంటే అప్పటి లెక్కలకి ఆధారమైన భూమి ఆకారం వేరు, ఇప్పటి జీపీఎస్ వాడేది వేరు. క్యూజీఐఎస్ అనే మ్యాపుల ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో అప్పటికీ ఇప్పటికీ మారని నాలుగు గట్టి గుర్తులు, ఒక కొండ శిఖరమో రైల్వే బ్రిడ్జో పట్టుకుని సరిచేసుకోవచ్చు. ఇంకోటి, షీట్లో లేనంత మాత్రాన అక్కడ ఏమీ లేదని కాదు, చిన్న కుంటలు, పేదవాళ్ళ నాలుగు గుడిసెలు సర్వేయర్ కంటికి ఆనకపోయి ఉండొచ్చు.

అమెరికా జియలాజికల్ సర్వే వాళ్ళు 1880ల నుంచి వేసిన టోపో మ్యాపులన్నీ స్కాన్ చేసి ఎవరైనా ఫ్రీగా దించుకునేలా పెట్టారు. స్కాట్లాండ్ నేషనల్ లైబ్రరీలో అయితే పాత మ్యాప్‌ని ఇప్పటి ఫోటో మీద పెట్టి జరుపుతూ చూసుకోవచ్చు. సర్వే ఆఫ్ ఇండియా 1767లో మొదలైంది, అంత పాత సంస్థ మనకుంది, 2021లో కేంద్రం మ్యాపుల రూల్స్ కూడా చాలా సడలించింది. మరి పాత ఎడిషన్లన్నీ, ఏ ఏడాదివి ఆ ఏడాదివిగా, మామూలు మనిషి ఫోన్లో తెరిచి చూసుకునేలా ఎందుకు పెట్టకూడదు?

మీరు ఒక పని చేయగలరు. జిల్లా ఎడిషన్లో వారానికి ఒక్కసారి ఒక పాత షీట్ ముక్క, పక్కనే అదే చోటు ఇప్పటి ఫోటో వేయండి, కింద సర్వే చేసిన ఏడాది రాయండి చాలు. నా దగ్గరున్న షీట్ స్కాన్ చేసి ఈ లెటర్‌తో పంపుతున్నాను, ఆ మధ్య కుంట దగ్గర పెన్సిల్‌తో సున్నా చుట్టాను, దాంతోనే మొదలుపెట్టండి.

ఇట్లు
మీ పాఠకుడు