గేట్లు ఎత్తారా లేదా, మీరైనా చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

నల్లగొండలో గడియారం సెంటర్‌కు కాస్త అవతల నాకో జిరాక్స్ షాపు ఉంది. ఆధార్ కార్డులు, పట్టాదారు పాసుబుక్కులు, పిల్లల టీసీలు పట్టుకొని వచ్చేవాళ్లు కాపీ బయటికి వచ్చేదాకా నిలబడాలి కదా. ఆ రెండు నిమిషాల్లో ఫోన్ తీసి నాకేదో ఒకటి చూపించకుండా ఎవరూ పోరు. అందుకని ఊళ్లో ఏ రోజు ఏ వీడియో తిరుగుతున్నదో మీ విలేకరి కంటే ముందు నాకే తెలుస్తుంది. గొప్పకు చెప్పుకోవడం లేదు. అట్లా తెలిసీ నేనే మోసపోయాను, అందుకే ఈ ఉత్తరం.

2023 జూలై 30, ఆదివారం. అంతకు మూడు రోజుల ముందు నుంచీ టీవీ పెడితే వరదలే. భూపాలపల్లి దిక్కు మోరంచపల్లి నీళ్లలో మునిగింది, భద్రాచలం దగ్గర గోదావరి పోటెత్తింది. శనివారం రాత్రి మా ఇంటావిడ అక్కచెల్లెళ్ల గ్రూపులో నాగార్జునసాగర్ వీడియో వచ్చింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా గేట్లన్నీ లేచి ఉన్నాయి, నురగ తెల్లగా దుంకుతున్నది, వెనక ఒక పాట. "ఇప్పుడే ఎత్తిన్రు" అని కింద రాసుంది. అది చూశాక ఇంట్లో ఎవరికి నిద్ర పడుతుంది? తెల్లారేసరికి పులిహోర కట్టారు, తమ్ముడి కారు అడిగి తెచ్చాను, మా అత్తమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టుకొని కనగల్, హాలియా, పెద్దవూర మీదుగా 60 కిలోమీటర్ల పైచిలుకు పోయాం.

పోయి చూస్తే గేట్లు మూసే ఉన్నాయి. డ్యాం కింద రాళ్లు పొడిగా ఉన్నాయి. బ్రిడ్జి మీద మాత్రం మాలాంటి వాళ్లే వందల మంది, మూసిన గేట్ల దిక్కు ఫోన్లు పట్టుకొని నిలబడ్డారు. మా అత్తమ్మ కారు దిగి అటూ ఇటూ చూసి, "నీళ్లు లేవు గని జనం మస్తుగున్నరు బిడ్డా" అన్నది.

అక్కడ చాయ్ బండి అతను మమ్మల్ని చూసి నవ్వలేదు. రోజూ చూసే సంగతే కావచ్చు. "శ్రీశైలం ఎత్తకుండ సాగర్ ఎట్ల ఎత్తుతరన్నా, జరంత ఆలోచన చేయాలె గదా" అన్నాడు. ఆ ఒక్క మాట నాకు చదువుకున్నవాళ్లెవరూ చెప్పలేదు. ఇంటికి వచ్చి లెక్కలు చూసుకుంటే సంగతి ఇంకా బోధపడింది. సాగర్ నిండుమట్టం 590 అడుగులు. గేటు ఎత్తు 44 అడుగులు. అంటే నీళ్లు 546 అడుగులకు వస్తే గాని గేటు అడుగు తడవనే తడవదు. ఆ రోజు నీళ్లు దానికి చాలా కిందనే ఉన్నాయి. పైగా ఆ వారం వరదంతా గోదావరిది. మన ఇంటి మీద కురిసిన వానకు సాగర్ నిండదు. మహారాష్ట్రలో, కర్ణాటకలో కురవాలి, ఆల్మట్టి నిండాలి, నారాయణపూర్ నిండాలి, జూరాల దాటాలి, శ్రీశైలం 885 అడుగులకు దగ్గర పడాలి, అప్పుడు మన వంతు. పాలమూరు వాళ్లకు జూరాల దగ్గర ఈ లెక్క మనకంటే ముందే తెలిసిపోతుంది. ఆ ఏడాది మొత్తం సాగర్ గేట్లు లేవనే లేదు.

అసలు నష్టం అది కాదు. 2024 ఆగస్టు 5న సాగర్ గేట్లు నిజంగానే ఎత్తారు. ఆ రోజూ వీడియో వచ్చింది. అదే నురగ, అట్లాంటి పాటే. మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. "పోయిన సారి పులిహోర తిని వచ్చినం, సాలు" అని మా ఇంటావిడ ఫోన్ పక్కన పడేసింది. నిజం అని తెలిసేసరికి నా షాపులో పని, పిల్లలకు పరీక్షలు. అట్లా అబద్ధానికి పోయి వచ్చాం, నిజానికి ఇంట్లో కూర్చున్నాం.

తర్వాత ఆలోచిస్తే నాకు అర్థమైంది ఒక్కటే. మమ్మల్ని సాగర్ దాకా తిప్పిన ఆ మొదటి వీడియోలో అబద్ధం ఏమీ లేదు. డ్యాం మనదే, గేట్లు మనవే, నీళ్లు కృష్ణవే. తేదీ ఒక్కటే లేదు. ఫోన్ చూపించేది మనకు చేరిన తేదీ, జరిగిన తేదీ కాదు. మీ పత్రికలో మాత్రం ప్రతి పేజీ నెత్తిన తేదీ ఉంటుంది. పకోడీలు కట్టిచ్చిన కాగితం మీద కూడా ఉంటుంది. ఇంత చిన్న సంగతి విలువ నాకు యాభై ఏళ్లకు తెలిసొచ్చింది.

అప్పటి నుంచి షాపుకు వచ్చేవాళ్ల ఫోన్లలో ఇదే చూస్తున్నాను. ఒక చిరుతపులి ఉంది. రాత్రి పూట సీసీ కెమెరాలో ఒక గోడ దూకి కుక్క వెంట పడుతుంది. దేవరకొండ అన్నారు, ఆరు నెలలకు అచ్చంపేట అన్నారు, మొన్న కొడంగల్ అని ఒకాయన చూపించాడు. అదే గోడ, అదే కుక్క. ఆ చిరుత ఈ పాటికి ముసలిదై పోయి ఉంటుంది పాపం. నల్లమల మనకు దగ్గరే కాబట్టి నిజంగా చిరుత వచ్చే రోజు కూడా ఉంటుంది. ఆ రోజు ఎవరూ తలుపు వేసుకోరని నా భయం.

చిరుతకైతే నవ్వి ఊరుకోవచ్చు, ఫారాలకు అట్లా కాదు. 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 దాకా ప్రజాపాలన పేరుతో సర్కారు పథకాలకు దరఖాస్తులు తీసుకున్నప్పుడు జిరాక్స్ షాపుల ముందు లైన్లు మీకు గుర్తుండే ఉంటాయి. ఫారం ఉచితంగా ఇస్తామని సర్కారు చెప్పినా జనం ఆగలేదు, మేమూ ఆగలేదు, ఒప్పుకుంటాను. గడువు అయిపోయింది. ఫారం మాత్రం ఫోన్లలో బతికే ఉంది. ఆ ఎండాకాలం తిప్పర్తి దిక్కు నుంచి ఒక పెద్దమ్మ మనవడి ఫోన్ పట్టుకొని వచ్చింది. పేజీకి రెండు రూపాయల చొప్పున తీసుకొని ప్రింటు ఇచ్చేశాను, పైన ఏముందో చదవకుండానే. గంటకు తిరిగొచ్చింది. గడువు ఎప్పుడో అయిపోయిందని ఆఫీసులో చెప్పారట. పైసలు వాపసు ఇయ్యబోతే తీసుకోలేదు. "బస్సుకైతే పైసల్లేవు గద బిడ్డా, నీ కాగితాలకే అయినయి" అన్నది. ఆర్టీసీలో ఆడవాళ్లకు టికెట్ లేని రోజులు కాబట్టి సరిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంకోటి చెప్తాను. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి సెలైన్ సీసాలు కట్టిన ఫొటో. అది అబద్ధం అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, కానీ నిజమే. ఏడు వందల ఏళ్ల నాటిదని చెప్పుకునే ఆ మర్రికి చెదలు పట్టి, 2017 చివర్లో కొమ్మ విరిగి పడితే సందర్శకులను ఆపేశారు. 2018లో చెదల మందు నీళ్లలో కలిపి, సెలైన్ సీసాల్లో పోసి, ఆస్పత్రిలో రోగికి పెట్టినట్టు చుక్కచుక్కగా ఎక్కించారు. దేశదేశాల పత్రికలు రాశాయి. ఆ ఫొటో ఇప్పటికీ "పిల్లలమర్రి చచ్చిపోతున్నది" అని వస్తూనే ఉంది. చెట్టు కోలుకున్నది. 2025 మే నెలలో మిస్ వరల్డ్ పోటీలకు వచ్చిన అమ్మాయిలను ఆ చెట్టు కిందికే తీసుకుపోయి ఊడల మధ్య ఫొటోలు దిగనిచ్చారు. ఫోన్లో మాత్రం దానికి ఇంకా సెలైన్ ఎక్కుతూనే ఉంది.

దీనికి ఉల్టా సంగతి కూడా ఉంది, నిజాన్ని అబద్ధం అనుకోవడం. మొన్న స్పైరల్ బైండింగ్‌కు ఒక బీటెక్ పిల్లగాడు వచ్చాడు. అక్కడే కూర్చున్న ఒక పెద్దమనిషి, "1996ల మన నల్లగొండ ఎంపీ సీటుకు 480 మంది నిలబడ్డరు, బ్యాలెట్ పేపర్ పుస్తకం లెక్క ఉండె" అన్నాడు. పిల్లగాడు నవ్వి, "తాతా, అది ఫేక్ ఫార్వర్డ్" అన్నాడు. పెద్దాయన మొహం చూడాల్సింది. ఓటు వేసిన మనిషాయన! ఫ్లోరైడ్ నీళ్లతో కాళ్లూ చేతులూ వంకర పోతుంటే ఎవరూ పట్టించుకోవడం లేదని జలసాధన సమితి పిలుపుతో వందల మంది నామినేషన్ వేశారు. ఎన్నికే వాయిదా వేయాల్సి వచ్చింది. అదే ఏడాది పార్లమెంటు సీటుకు 500 ఉన్న డిపాజిట్టు పదివేలైంది. దేశం చట్టం మారిన సంవత్సరం అది, మన పిల్లలకు ఫేక్ లాగా కనిపిస్తున్నది.

తమాషా ఏమిటంటే, ఆ పిల్లగాడు బైండింగ్‌కు తెచ్చిన ప్రాజెక్టు కూడా నీళ్ల మీదనే. అందులో "నల్గొండ టెక్నిక్" అని ఒక అధ్యాయం. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి. నాగపూర్‌లోని నీరి (NEERI) అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు తయారు చేసి మన ఊరి పేరు పెట్టారు. ఇథియోపియాలో, టాంజానియాలో ఈ పద్ధతి వాడారట, నెట్‌లో వెతికితే మన ఊరి పేరు కింద ఆఫ్రికా పల్లెల సంగతులు వస్తాయి. ఆ పేరు ఎందుకొచ్చిందో పిల్లగాడికి పెద్దాయన చెప్పాడు. బైండింగ్ అయిపోయినా ఇద్దరూ ఇంకో అరగంట కూర్చున్నారు. ఆ పూట నాకు గిరాకీ తక్కువ, మాటలు ఎక్కువ.

ఇక నేను అడిగేది. జూన్ నుంచి అక్టోబరు దాకా మీ జిల్లా పేజీలో అరచేయంత డబ్బా ఒకటి కేటాయించండి. జూరాల, శ్రీశైలం, సాగర్, మన మూసీ ప్రాజెక్టు: ఎంత మట్టం, ఎన్ని గేట్లు ఎత్తి ఉన్నాయి, ఏ రోజు ఎన్ని గంటలకు చూసిన లెక్క. అది ఉంటే చాలు, అలంకారం వద్దు. మీరు రాసే "పరవళ్లు తొక్కుతున్న కృష్ణమ్మ"లో ఎన్ని గేట్లో ఒక్కోసారి చివరి పేరా దాకా దొరకదు. దాని కిందనే, ఆ వారం జిల్లాలో ఫోన్లలో తిరిగిన ఒక వీడియోనో ఫారమో తీసుకొని అది ఏ సంవత్సరంది, ఎక్కడిది, గడువు ఉందా అయిపోయిందా అని నాలుగు లైన్లు రాయండి. ఏది తిరుగుతున్నదో మీకు దొరక్కపోతే మాలాంటి షాపులకు రండి, కూర్చోబెట్టి చూపిస్తాం. మీ పాత ఫైళ్లలో 1996 బ్యాలెట్ ఫొటో ఉంటే అది కూడా ఒకసారి తేదీతో సహా అచ్చువేయండి. ఆ పెద్దాయన అడుగుతున్నాడు.

ఫొటోల కింద "ఫైల్ ఫొటో" అని కనీ కనిపించని అక్షరాల్లో వేసే అలవాటు పత్రికల్లో ఉంది. దాన్ని కొంచెం పెద్దగా వేయండి. మా అత్తమ్మ కళ్లద్దాలు లేకుండా చదువుతుంది.

మీరు ఆ డబ్బా వేసిన రోజు నుంచి రోజూ పొద్దున దాన్ని పెద్దసైజు జిరాక్స్ తీసి షాపు అద్దానికి అంటిస్తాను. కాగితం ఖర్చు నాదే.

ఇట్లు,
ఒక జిరాక్స్ షాపు యజమాని,
నల్లగొండ